గచ్చుకు చెక్కా? ఇనుప పలకా?



ఈ పూట మాట గచ్చు గురించి. ఇంట్లో గచ్చు, వసారాలో గచ్చు, స్నానాల గదిలో గచ్చు, పశువుల పాకలో గచ్చు, ధాన్యం ఆరబోసే కళ్ళంలో గచ్చు. ఇప్పుడు చాలా ఇళ్ళలో టైల్స్ వేస్తున్నారు. కొందరు నాపరాళ్ళు పరుస్తున్నారు. అయినా దొడ్లోనూ, వాకిట్లోనూ, కళ్ళంలోనూ ఇంకా కాంక్రీటు గచ్చే. దానికి సిమెంటు కొనాలి. ఇసుక, కంకర తోలించాలి. కూలి ఇవ్వాలి. ఇంత డబ్బు పోశాక ఆ గచ్చు ఎన్నాళ్ళు నిలుస్తుంది? దాని మీద నడిచేవాళ్ళు నిలబడతారా, జారిపడతారా? ఈ ప్రశ్నలకు జవాబు చాలావరకు ఒక్క పూటలో తేలిపోతుంది. కాంక్రీటు పోశాక మేస్త్రీ దాని మీద పలక పెట్టి రుద్దుతాడే, ఆ పూటలో.

ఆ పలకలు రెండు రకాలు. ఒకటి చెక్కది, ఒకటి ఇనుపది. చెక్కదాన్ని రుద్దుడు చెక్క అందాం. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు ఉంటుంది. హిందీ మాట్లాడే మేస్త్రీలు గుర్మాలా అంటారు. పేరు ఏదైనా రూపం ఒకటే. కింద సుమారు అడుగు పొడవు, జానెడుకు తక్కువ వెడల్పు ఉన్న పలక. పైన చేతికి పట్టు దొరికే పిడి. ఇనుప పలక కూడా ఇలాగే ఉంటుంది. కాకపోతే పల్చగా, నున్నగా ఉంటుంది. తాపీ వేరు. తాపీతో మాలు తీసి వేస్తారు, అంచులు సర్దుతారు. గచ్చు మొత్తం సాపు చేసేది మాత్రం ఈ పలకలతోనే.

చూడ్డానికి రెండూ చేసేది ఒకే పని అనిపిస్తుంది. కానీ కాదు.

చెక్క గరుకుగా ఉంటుంది. కాంక్రీటు మీద ఆడిస్తే పైన ఉన్న ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. పైకి తేలిన కంకర రాయి లోపలికి దిగుతుంది. ఇసుకా సిమెంటూ కలిసిన మెత్తని మాలు కాస్త పైకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పైపొర మూసుకుపోదు. లోపల మిగిలిన నీళ్ళు బయటికి రావడానికి దారి ఉంటుంది. ఆరిన తర్వాత అలాంటి గచ్చు మీద చెయ్యి పెడితే సన్న ఇసుక మీద పెట్టినట్టు ఉంటుంది. కాలికి పట్టు దొరుకుతుంది.

ఇనుప పలక నున్నన. దాన్ని నొక్కి లాగితే ఇసుక రేణువులు కిందికి పోతాయి, సిమెంటు ముద్ద పైకి వస్తుంది. రంధ్రాలు మూసుకుపోతాయి. గచ్చు నున్నగా, గట్టిగా, మెరుస్తూ వస్తుంది. అలాంటి గచ్చు ఊడవడం తేలిక, తుడవడం తేలిక. కానీ తడిస్తే జారుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రంధ్రాలు మూసేది కాబట్టి దాన్ని తొందరపడి వాడితే లోపలి నీళ్ళు లోపలే ఉండిపోతాయి. అప్పుడు పైపొరకీ కింద కాంక్రీటుకీ మధ్య నీళ్ళు చేరతాయి. కొన్నాళ్ళకు పెచ్చులు లేస్తాయి.

అందుకే ఏ గచ్చుకైనా ముందు చెక్క. ఇనుప పలక అవసరమైతేనే, అదీ తర్వాతే.

మరి ఎక్కడ అవసరం? ఆ గచ్చు మీద ఎవరు నడుస్తారో చూసి తేల్చుకోవాలి. మధ్య గదిలో, పడకగదిలో నీళ్ళు పడవు. అక్కడ ఇనుప పలకతో నున్నగా చేయించుకోవచ్చు. స్నానాల గది సంగతి వేరు. అక్కడ ఎప్పుడూ తడే, పైగా సబ్బు నురగ. ముసలివాళ్ళు, నిండు చూలాలు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, అందరూ అక్కడే అడుగు పెట్టాలి. ముసలితనంలో జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. విరిగితే ఆపరేషను, నెలల తరబడి మంచం. స్నానాల గదిలో అద్దంలాంటి గచ్చు ఎందుకు? అక్కడ రుద్దుడు చెక్కతో ఆపేయాలి. బావి చుట్టూ, బోరింగు దగ్గర, అంట్లు తోమే చోట కూడా అంతే.

పశువుల పాకలో కూడా నున్నటి గచ్చు పనికిరాదు. ఉచ్చ, పేడ పడి ఎప్పుడూ తడిగా ఉంటుంది. గేదె లేవబోయి కాలు జారితే మళ్ళీ లేవకపోవచ్చు. పాడిగేదె పోతే ఆ ఇంటికి ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. అక్కడ చెక్కతో రుద్ది, మాలు పచ్చిగా ఉన్నప్పుడే అడ్డంగా గాడులు గీయించాలి. బడికీ ఆసుపత్రికీ చక్రాల కుర్చీ కోసం కట్టే వాలు దారి మీద గట్టి చీపురు లాగి గీతలు వేస్తారు. ఆ గీతలు ఎక్కే దిక్కుకు అడ్డంగా ఉండాలి, నిలువుగా కాదు.

కళ్ళం మాట కాస్త ఆలోచించాల్సిందే. ధాన్యం ఊడ్చి ఎత్తాలంటే నున్నగా ఉంటే బాగుంటుంది. చెక్కతో వదిలేస్తే గింజలు గరుకులో ఇరుక్కుంటాయి. కానీ వానపడితే అదే కళ్ళం మీద బస్తాలు మోసుకుంటూ పరిగెత్తాలి కదా! చెక్కతో బాగా సాపు చేసి, పైన ఇనుప పలక ఒక్క చుట్టు తేలిగ్గా ఆడించి వదిలేస్తే రెండు పనులూ సాగుతాయి. కళ్ళానికి అసలు శత్రువు గరుకు కాదు, పొడి లేవడం. నాసిరకంగా రుద్దిన కళ్ళం మీద ఊడ్చిన ప్రతిసారీ సిమెంటు పొడి ధాన్యంలో కలుస్తుంది.

ఈ పొడి ఎందుకు లేస్తుంది? ఇక్కడే కాస్త ఆగి చూడాలి. గచ్చు పాడవడానికి మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

కాంక్రీటు పోసి, బద్దతో లాగి మట్టం చేశాక కాసేపటికి పైన నీళ్ళు ఊరతాయి. సిమెంటు, ఇసుక, కంకర బరువు. అవి కిందికి దిగుతాయి. నీరు తేలిక. అది పైకి వస్తుంది. కుండలో బురదనీళ్ళు పోసి ఉంచితే మట్టి అడుక్కి దిగి, తేటనీరు పైకి వచ్చినట్టే ఇదీ. ఆ నీళ్ళు ఊరుతున్నంతసేపూ కాంక్రీటును ముట్టుకోకూడదు. అప్పుడు రుద్దితే ఆ నీళ్ళు పైనున్న సిమెంటులోనే కలిసిపోతాయి. నీళ్ళు ఎక్కువైన సిమెంటుకు బలం ఉండదు. అది ఆరాక చిన్నగా గీకినా పొడి రాలుతుంది. సాలెగూడులాగా వెంట్రుక పగుళ్ళు వస్తాయి.

పొద్దు వాలుతుంటే ఇలాంటి మాటలు ఏ ఊళ్ళోనైనా వినపడతాయి.

"మేస్త్రీ, పైన నీళ్ళు నిలబడ్డాయి కదా, ఏం చేద్దాం?"

"ఏముందమ్మా, నాలుగు గుప్పిళ్ళు పొడి సిమెంటు చల్లి రుద్దేస్తే ఐపోద్ది. అద్దంలా మెరుస్తది."

"మెరుస్తది సరే. నిలుస్తదా?"

ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. నిలవదు. పొడి సిమెంటు పైనీటిని పీల్చుకుంటుంది, నిజమే. పని తొందరగా అయినట్టు కనిపిస్తుంది. కానీ పైన బియ్యపు గింజంత మందాన ఒక పొర వేరుగా తయారవుతుంది. దానికీ కింది కాంక్రీటుకీ పొత్తు కుదరదు. ప్రభుత్వం కట్టించే భవనాల పనికి రాసిపెట్టిన నిబంధనల్లో కూడా, నీళ్ళు ఆరడానికి గచ్చు మీద పొడి సిమెంటు చల్లకూడదని ఉంది.

మేస్త్రీ చల్లేది చెడ్డ మనసుతో కాదు. అతను మర్నాడు ఇంకో పనికి పోవాలి. చీకటి పడుతోంది. ఇంటివాళ్ళే తొందర పెడతారు కూడా. కాబట్టి ముందే ఆలోచించుకోవాల్సిన మాట ఇది: గచ్చు పనిని తెల్లవారుజామున మొదలుపెట్టాలి. పది గంటలకు మొదలుపెట్టిన పని సాయంత్రం చీకట్లో ముగుస్తుంది. చీకట్లో రుద్దిన గచ్చు పగలు చూసుకుంటే తెలుస్తుంది ఎలా ఉందో!

నీళ్ళు అంతగా ఊరడానికి ఇంకో కారణం కలిపేటప్పుడే ఉంది. తట్టలు మోసేవాళ్ళకూ, పోసేవాళ్ళకూ జారుడుగా ఉంటే పని తేలిక. అందుకని బక్కెట్టు మీద బక్కెట్టు పోస్తారు. ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర కలిపే కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు సంచికి 32 లీటర్ల నీళ్ళు మించకూడదని మన దేశపు ప్రమాణం చెబుతోంది. అంటే 15 లీటర్ల బక్కెట్లు రెండూ, మరో రెండు లీటర్లూ. ఇసుక తడిగా ఉంటే ఆ తడి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అప్పుడు ఇంకా తగ్గించాలి. బక్కెట్లు లెక్కపెట్టడానికి ఇంటివాళ్ళలో ఒకరు దగ్గర నిలబడితే మంచిది. గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నా చాలు. లెక్క నేర్చుకున్నది ఇలాంటి చోటే కదా అక్కరకు వచ్చేది.

ఇక ఎంతసేపు ఆగాలి? గడియారం చూసి చెప్పలేం. ఎండాకాలం ఒక రకం, వానాకాలం ఒక రకం. గాలి వీస్తే ఒక రకం. సిమెంటును బట్టి కూడా మారుతుంది. సంచి మీద పి.పి.సి. అని మూడు అక్షరాలు ఉంటే అందులో బూడిద కలిసి ఉందని అర్థం. రామగుండం లాంటి చోట బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. అక్కడ వచ్చే మెత్తని బూడిదను సిమెంటులో కలుపుతారు. అది కల్తీ కాదు. ఆ సిమెంటు మంచిదే. కాకపోతే మొదట్లో కాస్త నిదానంగా బలం పుంజుకుంటుంది. సంచి మీద ఓ.పి.సి. అని ఉంటే బూడిద కలపని సిమెంటు. ఏ రకమైనా 30 నిమిషాల లోపు బిగియడం మొదలుకాకూడదు, 600 నిమిషాలు, అంటే 10 గంటలు దాటకుండా బిగిసిపోవాలి. అది పరీక్షశాలలో చూసే ప్రమాణం. అదే సంచి మీద ఏ వారం, ఏ నెల, ఏ ఏడాది నింపారో కూడా ఉంటుంది. మూడు నెలలు దాటిన సంచిని అంటగడితే ఊరుకోకూడదు. దాచిన కొద్దీ గాలిలోని తడి పీల్చుకుని సిమెంటు బలం తగ్గుతుంది.

గడియారం చెప్పనిది కాలు చెబుతుంది. పైన తళతళలాడే నీటి మెరుపు పోయిందా? పోతే, బూటు కాలితో అంచున నెమ్మదిగా తొక్కి చూడాలి. ముద్ర పావు అంగుళం లోతు మాత్రమే పడితే, చుట్టూ నీళ్ళు ఊరకపోతే, రుద్దుడు చెక్కకు వేళ అయినట్టు. కాలు ఇంకా లోతుకు దిగితే ఆగాలి. ముద్రే పడకపోతే ఆలస్యమైనట్టు. చిన్న ముక్క అయితే బొటనవేలితో నొక్కి చూసినా తెలుస్తుంది. తొడుగు వేసుకునే చూడాలి.

మే నెల ఎండల్లో ఒక మోసం జరుగుతుంది. పైపొర ఎండకూ గాలికీ తొందరగా ఆరిపోతుంది. లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది, నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. పైకి చూస్తే వేళ అయినట్టే కనిపిస్తుంది. పలక పెట్టి రుద్దితే లోపలి నీళ్ళకు దారి మూసినట్టవుతుంది. ఎండాకాలంలో పందిరో, టార్పాలినో నీడ కట్టాలి. కాంక్రీటు పోసే ముందు కింది నేలను తడిపి ఉంచాలి, నీళ్ళు మాత్రం నిలవనీయకూడదు. గది మొత్తం ఒకే పలకగా పోయకుండా, మధ్యలో గాజు పట్టీలు పెట్టి ముక్కలుగా పోసుకోవడం మంచిది. ఒక ముక్క ఏ పక్కా రెండు మీటర్లు దాటకుండా చూస్తే పగుళ్ళు కూడా తగ్గుతాయి.

వేళ వచ్చాక పని ఎలా సాగుతుంది? రుద్దుడు చెక్కను ముందే నీళ్ళలో నానబెట్టి ఉంచాలి. పొడి చెక్క కాంక్రీటులోని నీళ్ళు పీల్చి అంటుకుపోతుంది, పైపొరను చీల్చుకొస్తుంది. మేస్త్రీ గుమ్మానికి ఎదుటి గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ గుమ్మం వైపు రావాలి. లేకపోతే తను రుద్దిన దాని మీదే తను నడవాలి. మోకాళ్ళ కింద వెడల్పాటి పలక వేసుకోవాలి. చెక్కను బల్లపరుపుగా పెట్టి, అర్ధచంద్రం గీసినట్టు అటూ ఇటూ ఆడించాలి. ముందుకు పోయే అంచు వెంట్రుకవాసి పైకి ఉండాలి. లేకపోతే అంచు దిగబడి గాడి పడుతుంది. ప్రతి చుట్టూ వెనకటి చుట్టును సగం కప్పుకుంటూ పోవాలి. బలమంతా పెట్టి నొక్కక్కర్లేదు. చెక్క బరువుకు చెయ్యి బరువు కాస్త తోడైతే చాలు. ఎక్కడైనా పల్లం కనపడితే నీళ్ళు చిలకరించి సర్దకూడదు. పక్కనుంచి అదే మాలు తీసి వేసి రుద్దాలి. గోడల మూలల దగ్గర పెద్ద చెక్క తిరగదు. అక్కడికి చిన్న ముక్క చెక్క ఒకటి దగ్గర పెట్టుకుంటారు అనుభవం ఉన్నవాళ్ళు.

స్నానాల గది అయితే ఇక్కడితో ఆపేయాలి. అయితే వాలు చూసుకోవాలి. అడుగుకు పావు అంగుళం లెక్కన నీళ్ళు పోయే తూము వైపు వాలు ఉండాలి. నాలుగు అడుగుల గదికి ఒక అంగుళం. చెక్కతో రుద్దేటప్పుడు చెయ్యి బరువు ఒకవైపు ఎక్కువైతే ఈ వాలు చెరిగిపోతుంది. మధ్యమధ్య బద్ద పెట్టి చూసుకుంటూ ఉండాలి.

మధ్య గదికి ఇనుప పలక వేయాలంటే, చెక్కతో రుద్దాక మళ్ళీ ఆగాలి. పైన వేలు పెడితే మాలు అంటుకోకూడదు. అప్పుడు మొదటి చుట్టు ఇనుప పలకను దాదాపు పడుకోబెట్టి లాగాలి. కాసేపు ఆగి రెండో చుట్టు. ఈసారి ఒక అంచు కాస్త ఎత్తి, కాస్త నొక్కి లాగాలి. కాంక్రీటు బిగిసేకొద్దీ పలక గలగలమని మోగుతుంది. ఆ శబ్దం వింటేనే మంచి మేస్త్రీకి తెలుస్తుంది, గచ్చు కుదిరిందని.

సిమెంటు పాలు పూసి నున్నగా చేసే పద్ధతి కూడా ఉంది. అది తప్పు కాదు. కానీ అదీ కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే చేయాలి. సిమెంటును నీళ్ళలో బాగా చిక్కగా కలిపి, చదరపు మీటరుకు సుమారు 2 కిలోల 200 గ్రాముల సిమెంటు పడేలా పూసి రుద్దుతారు. కింది కాంక్రీటూ ఈ పాలూ కలిసి బిగుస్తాయి. మర్నాడు ఎండిన గచ్చు మీద పాలు పోసి రుద్దితే అది పూత మాత్రమే. ఆరు నెలల్లో చెప్పుల కింద ఊడొస్తుంది.

అసలు మెరుపు మీద ఇంత మోజు ఎందుకు? పాత మిద్దెల్లో సున్నపు గచ్చు చూసినవాళ్ళకు తెలుస్తుంది. సున్నాన్ని గానుగ పట్టి, రోజుల తరబడి కొట్టి, రుద్ది, నునుపు తెచ్చేవారు. సున్నం నిదానంగా గట్టిపడుతుంది. ఎంతసేపు రుద్దినా ఓర్చుకుంటుంది. సిమెంటు అలా కాదు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రీ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటు అని పేరు పెట్టి హక్కు పత్రం తీసుకున్నాడు. ఇప్పుడు సంచుల్లో వచ్చేది ఆ పేరు మోసే సిమెంటే. ఇది గంటల్లో బిగుస్తుంది. సున్నంతో చేసిన పని తీరునే సిమెంటుతోనూ చేయబోతే అది వేళ దాటిపోతుంది. బిగుస్తున్న సిమెంటును నీళ్ళు చల్లి మళ్ళీ మళ్ళీ రుద్దడం దాని నడుం విరగ్గొట్టడమే.

పట్నంలో పెద్ద సామాన్ల కొట్టుకు పోతే తెల్లగా, తేలిగ్గా ఉండే మెగ్నీషియం పలకలు కూడా కనపడవచ్చు. అమెరికా, కెనడా లాంటి చలి దేశాల్లో అవి ఎక్కువ. అక్కడ కాంక్రీటులో నీళ్ళు గడ్డకట్టి పగలగొడతాయి. అందుకని కలిపేటప్పుడే మందు వేసి సన్నసన్న గాలి బుడగలు ఉండేలా చేస్తారు. ఆ కాంక్రీటు జిగురుగా ఉండి చెక్కకు అంటుకుని చీరుకుపోతుంది. అందుకే అక్కడ ఆ పలకలు. మన ఊరి గచ్చుకు వాటి అవసరం లేదు. కొనుక్కుంటే చెయ్యి నొప్పి తగ్గుతుందంతే.

ఇక్కడి పనికి మంచి రుద్దుడు చెక్కను ఊరి వడ్రంగే చేసిపెడతాడు. బాగా ఆరిన చెక్క కావాలి. కణుపులు ఉండకూడదు. పలకను కంటి ఎత్తులో పెట్టి వెలుతురు వైపు చూస్తే వంకర ఉంటే కనపడుతుంది. రెండు పలకలను ముఖాముఖి ఆనించి చూసినా తెలుస్తుంది. మధ్యలో వెలుతురు కనపడితే అది పనికిరాదు. మేకు తలలు కింది వైపు పైకి తేలి ఉండకూడదు. ఒక్క మేకు తల గచ్చు పొడుగునా గీత గీసేస్తుంది. పిడికీ పలకకూ మధ్య నాలుగు వేళ్ళూ తొడుగుతో సహా దూరాలి. వేళ్ళ కణుపులు తడి సిమెంటుకు తగలకూడదు. ఇనుప పలక కొత్తదైతే మూలలు పదునుగా ఉంటాయి, గీతలు పడతాయి. ఆకురాయితో మూలలు కాస్త గుండ్రం చేసుకోవాలి. పని అయిన వెంటనే రెండింటినీ కడగాలి. ఎండిన సిమెంటు రాలాలని రాయికేసి కొడితే అంచు వంగిపోతుంది. చెక్కను నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే వంకర పోతుంది. ఇనుప పలకను తుడిచి, నూనె చుక్క రాసి ఉంచాలి.

వేళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండకూడదు. తడి సిమెంటు సున్నం లాంటిదే, చర్మాన్ని తినేస్తుంది. మొదట మంట తెలియదు. అందుకే ప్రమాదం. పొద్దుటినుంచి తడి కాంక్రీటులో మోకాళ్ళ మీద కూర్చుని రుద్దినవాళ్ళకు రాత్రికి మోకాళ్ళు పుండ్లు పడతాయి. కొందరికి సిమెంటులోని క్రోమియం పడదు. చేతులు పగిలి, దురద పెట్టి, చివరికి సిమెంటు ముట్టుకుంటే చాలు పొక్కులు వస్తాయి. అలాంటివాళ్ళు ఆ పనే మానుకోవాల్సి వస్తుంది. కొబ్బరినూనె రాసుకుంటే చాలనుకుంటారు. చాలదు. రబ్బరు తొడుగులు, రబ్బరు బూట్లు కావాలి. బట్ట తడిసి ఒంటికి అంటుకుంటే వెంటనే విప్పి కడుక్కోవాలి. పనిముట్లు కడిగే డ్రమ్ములో చేతులు కడిగితే లాభం లేదు, అందులోనూ సిమెంటే ఉంటుంది. మంచినీళ్ళ బక్కెట్టు వేరే పెట్టుకోవాలి. కంట్లో పడితే నలపకూడదు. 20 నిమిషాలు ధారగా నీళ్ళు పోసి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తట్టలు మోసే ఆడవాళ్ళకు ఇది ఇంకా అవసరం. మగమేస్త్రీకి తొడుగు కొన్న గుత్తేదారు కూడా తట్ట మోసే ఆమెకు కొనడు. చాలాచోట్ల తట్ట ఆడవాళ్ళది, పలక మగవాళ్ళది. పలక పట్టడానికి పెద్ద బలం అక్కర్లేదు. వేళ తెలియాలి, చెయ్యి తేలిగ్గా ఉండాలి, ఓపిక ఉండాలి. ముగ్గు వేసే చేతికి, పేడతో అలికే చేతికి అర్ధచంద్రం తిప్పడం కొత్త కాదు. పలక పట్టిన చోట మేస్త్రీ కూలి అడగాలి. ఒకే పనికి ఆడా మగా కూలి ఒకటే ఉండాలని 1976లో చట్టం వచ్చింది. 2019లో చేసిన వేతనాల కోడ్‌లో కూడా ఆ మాట ఉంది.

గచ్చు రుద్దడం అయింది. ఆ రాత్రి దాని మీద కోళ్ళు, కుక్కలు, పిల్లలు తిరగకుండా అడ్డం కట్టాలి. మర్నాడు పొద్దున గట్టిపడ్డాక చుట్టూ మట్టి కట్టలు కట్టి నీళ్ళు నిలపాలి. వాలు గచ్చు అయితే గోనె సంచులో, వరిగడ్డో పరిచి తడుపుతూ ఉండాలి. బూడిద కలపని సిమెంటుకు కనీసం 7 రోజులు. బూడిద కలిసిన సిమెంటు అయినా, ఎండలు ముదిరిన కాలమైనా 10 రోజులకు తగ్గకూడదు. మధ్యలో ఒక పూట ఎండనిచ్చి మళ్ళీ తడిపితే ఆ తడుపు అంతగా పనిచేయదు. ఇంట్లో ఈ పని ఎవరిదో ముందే అనుకోవాలి. పగలు పొలం పోయేవాళ్ళు పొద్దున, సాయంత్రం చూసుకుంటే, మధ్యాహ్నం పక్కింటివాళ్ళకు చెప్పి పోవచ్చు.

తడుపు అయిపోయాక స్నానాల గదిలో ఒక బిందెడు నీళ్ళు గోడ మూలన పోసి చూడాలి. నీళ్ళన్నీ తూము వైపు నడవాలి. ఎక్కడైనా చెంబెడు నిలిస్తే ఆ చోట సుద్దతో గీసి మేస్త్రీకి చూపించాలి. లెక్క తీర్చేముందే చూపించాలి.